ముందు తిరునాళ చూడండి, తర్వాత సూది పట్టండి

(అనంతపురంలో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన అక్కలు ముందుకు రండి, ఇక్కడ చాపలు ఖాళీగా ఉన్నాయి. మైకు సరిగా పలకడం లేదు. వినపడకపోతే చెయ్యెత్తండి, నేనే గొంతు పెంచుతాను.

"సులువుగా చేసి తిరునాళలో అమ్ముకునేవి ఒక పది చెప్పి పోండి" అని నన్ను పిలిచారు. పది ఏం ఖర్మ, ఫోన్‌లో నూరు దొరుకుతాయి. యూట్యూబ్ తెరిస్తే ఐస్‌క్రీమ్ పుల్లలతో ఇల్లు, పాత సీసాలతో పూలకుండీలు, పేపర్ కప్పులతో దీపాలు. అవి చెయ్యడం సులువే, చూడ్డానికీ బాగుంటాయి. కానీ వాటిని డబ్బిచ్చి కొనే మనిషి ఎవరు, ఏ ఊళ్లో ఉంటారు, ఏ పండక్కి కొంటారు అనేది ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు. నేను ఇవాళ దాని గురించే మాట్లాడతాను. తిరునాళను బట్టి వస్తువు ఎంచుకోవాలి. మనకొచ్చిన పనిని మూటగట్టుకుని ఏ తిరునాళకైనా పోదామంటే కుదరదు.

ఎమ్మిగనూరు తీసుకోండి. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర. ఒక పక్క రథోత్సవం, ఇంకో పక్క ఎద్దుల సంత. అక్కడికి వచ్చే రైతు మనసంతా ఎద్దుల మీద ఉంటుంది. ఆయనకు కాగితం పూలగుత్తి చూపిస్తే ఏం చేసుకుంటాడు? అదే రంగురంగుల ఉన్నితో కట్టిన మెడపట్టెడ, కొమ్ములకు కట్టే కుచ్చులు పెట్టండి. చేతిలోకి తీసుకుని, లాగి చూసి, ముడి గట్టిగా ఉందా లేదా అని అడుగుతాడు. అడిగాడంటే సగం బేరం అయినట్టే. కుచ్చు చెయ్యడం ఎంతసేపు? అరచెయ్యంత అట్టముక్కకు ఉన్ని చుట్టడం, పైన ముడెయ్యడం, కింద కత్తిరించడం. ఇంట్లో పిల్లలు కూడా టీవీ చూస్తూ చేసేస్తారు. ఎద్దులు తగ్గిపోయాయి కదా అంటారేమో. తగ్గాయి, నిజమే. ట్రాక్టర్లు పెరిగాయి, ఆటోలు పెరిగాయి, వాటికీ అవే కుచ్చులు కడుతున్నారు. ఎద్దు మెడ కంటే ఆటో అద్దం చిన్నది కాబట్టి ఉన్ని కూడా తక్కువ పడుతుంది. జాతరలో మిగిలిన సరుకు ఏరువాక పున్నమికి పనికొస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏరువాక ఎంత గట్టిగా చేస్తారో ఆ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

మంత్రాలయం పోతే కథ వేరు. శ్రావణంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు కర్ణాటక నుంచి విపరీతంగా వస్తారు. తుంగభద్రలో స్నానం చేసి, దర్శనం చేసుకుని, మళ్లీ బస్సో రైలో ఎక్కాలి. చేతిలో తడిబట్టల సంచి ఉంటుంది, చంకలో పిల్లోడు ఉంటాడు. వాళ్లకు పూలకుండీ అమ్మలేరు. జేబులో పట్టేది, నలగనిది, విరగనిది కావాలి. ఊళ్లో ఐదుగురికి ఐదు పట్టుకుపోవాలనుకుంటారు కాబట్టి ఒక్కొక్కటి ధర తక్కువ ఉండాలి. అక్షింతలు దాచుకునే చిన్న గుడ్డ సంచి, జపమాల పెట్టుకునే సంచి, ఇట్లాంటివి. కన్నడం రాకపోయినా ఫర్వాలేదు, ధర మాత్రం అంకెల్లో పెద్దగా రాసి పెట్టండి. ధర కనపడకపోతే భాష రాని మనిషి ఆగకుండా పోతుంది.

కడప సంగతి. దేవుని కడపలో రథసప్తమికి, ఒంటిమిట్టలో శ్రీరామనవమి బ్రహ్మోత్సవాలకు, కడప పెద్ద దర్గాలో ఉరుసుకు జనం వస్తారు. ఇవి మూడూ ఒకటే జిల్లా అని ఒకటే సరుకు తీసుకుపోకూడదు. ఒంటిమిట్ట కల్యాణం రాత్రి పూట, వెన్నెల్లో జరుగుతుంది. మన అంగడికి దీపం లేకపోతే సరుకు ఉన్నా లేనట్టే. చార్జింగ్ లైటు తప్పనిసరి. రాత్రి పూట ముదురు రంగులు అన్నీ నల్లగానే కనపడతాయి, పసుపు, నారింజ, తెలుపు ముందు వరసలో పెట్టాలి. దర్గా దగ్గర తల మీద కప్పుకోవడానికి ఏదో ఒకటి అందరికీ కావాలి. క్రోషే అల్లిక వచ్చిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తెల్ల నూలుతో టోపీ అల్లండి. అది సాగుతుంది కాబట్టి సైజుల బాధ తక్కువ.

సైజు అన్నాను కాబట్టి అది ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే పెట్టుబడి ఎక్కువగా ఇరుక్కుపోయేది అక్కడే. సిల్క్ దారం గాజులు ఈ మధ్య ప్రతి ఊళ్లో నేర్పిస్తున్నారు. చెయ్యడం చాలా సులువు, పాత గాజుకు దారం చుట్టి జిగురు పెట్టడమే. మరి అమ్మడం? 2-2, 2-4, 2-6, 2-8 అని నాలుగు సైజులు. ఒక్కోదాంట్లో ఆరు రంగులు అనుకున్నా 24 సెట్లు తయారు చేస్తే గానీ అంగట్లో ఒక్కొక్కటి ఉన్నట్టు కాదు. వచ్చినామె ఎర్రది బాగుంది అంటుంది, ఆమె చేతికి పట్టే సైజులో ఎరుపు అప్పుడే అయిపోయి ఉంటుంది. పచ్చది చూపిస్తే వద్దంటుంది. సాయంత్రానికి సగం సరుకు మిగిలి ఉంటుంది, అందులో గిరాకీ ఉన్న సైజు ఒక్కటీ ఉండదు. అదే దారంతో కమ్మలు చేస్తే? చెవికి సైజు లేదు. జుట్టుకు పెట్టుకునే స్క్రంచీ చేస్తే? దానికీ లేదు. రవికలు, పిల్లల గౌన్లు, గాజులు, ఉంగరాలు, ఇవన్నీ ఆర్డర్ మీద చేసేవి. తిరునాళకు సైజు లేని వస్తువే దారి.

స్క్రంచీకి గుడ్డ ఎక్కడిది అంటే, మన పక్కనే ధర్మవరం ఉంది. పట్టుచీరల రవికలు కుట్టే దర్జీల దగ్గర కట్ పీసులు పోగుపడతాయి. నాలుగు అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ముక్క, ఏడెనిమిది అంగుళాల ఎలాస్టిక్ ఉంటే ఒకటి తయారు. అంత పొడుగు ముక్క దొరకకపోతే రెండు ముక్కలు అతికించండి, రెండు రంగులు కలిసి ఇంకా అందంగా ఉంటుంది. జరీ అంచు ఉన్న ముక్కలైతే పారెయ్యకండి, అవి వేరే పెట్టుకోండి. వాటి పని శ్రావణంలో ఉంది.

శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతానికి మన అనంతపురంలో కలశానికి అమ్మవారి అలంకారం ఎంత శ్రద్ధగా చేస్తారో మీకు తెలుసు. కలశానికి చీర కట్టడం అందరికీ రాదు. వచ్చినోళ్లకు కూడా ఆ రోజు పొద్దున్నే తొమ్మిది రకాల వంట, పూజ సామాన్లు, టెన్షన్. జాకెట్ ముక్కకు ముందే కుచ్చిళ్లు పెట్టి, కుట్టి, పైన నాడా వేసి, జరీ అంచు తగిలించి ఇచ్చారనుకోండి, నిమిషంలో కట్టేసుకుంటారు. ఇది శ్రావణానికి నెల ముందు నుంచి కల్యాణ మండపాల్లో పెట్టే ఎగ్జిబిషన్లలో అమ్ముడుపోతుంది. వ్రతం అయిపోయిన మర్నాటి నుంచి ఒక్కటీ కదలదు. కాబట్టి ఎన్ని కుట్టాలో జాగ్రత్త. దానికి తోడుగా గుమ్మానికి గుడ్డతో కుట్టిన మామిడాకుల తోరణం పెట్టండి. తోరణం ఉగాదికీ పోతుంది, సంక్రాంతికీ పోతుంది, గృహప్రవేశానికీ పోతుంది. సింహద్వారం మామూలుగా మూడున్నర అడుగులు, లోపలి తలుపులు మూడడుగులు ఉంటాయి. తోరణం 40 అంగుళాలు పెట్టి, రెండు చివర్లా కట్టుకునే తాడు పొడుగ్గా వదిలితే రెండింటికీ సరిపోతుంది.

తోరణం మీద "ఉగాది శుభాకాంక్షలు" అని ఎంబ్రాయిడరీ చెయ్యకండి. సంవత్సరం అంకె అసలే వెయ్యొద్దు. మిగిలిందంటే ఏడాదంతా బీరువాలో ఉండాల్సిందే.

ఇప్పుడు లెక్క. కొంచెం ఓపిక పట్టండి, ఇది నాకు ముఖ్యం. మనోళ్లు చాలామంది గుడ్డ ఖరీదు, దారం ఖరీదు కూడి, పైన పది రూపాయలు వేసి అమ్మేస్తారు. సాయంత్రం డబ్బు లెక్కపెట్టుకుని సంతోషపడతారు. ఆ డబ్బులో వాళ్ల కూలి లేదు, ఆటో చార్జీ లేదు.

తాంబూలం సంచి తీసుకుందాం. నూలు గుడ్డ, పన్నా 44 అంగుళాలు, పొడవు మీటరు. ఒక్కో సంచికి 9 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ముక్క కావాలి. పన్నాలో రెండు 22లు సరిగ్గా పడతాయి. మీటరు అంటే 39 అంగుళాల పైచిలుకు, అందులో నాలుగు 9లు పోను మూడు అంగుళాల పట్టీ మిగులుతుంది. మొత్తం ఎనిమిది సంచులు. అడుగున కుట్టు అక్కర్లేదు, మడతే. రెండు పక్కలా కుట్టి, పైన అంగుళం మడిచి నాడా ఎక్కిస్తే 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు వస్తుంది. కొబ్బరికాయ, అరటిపళ్లు, ఆకు వక్క, జాకెట్ గుడ్డ అందులో పడతాయి.

మీటరు 80 రూపాయలు అనుకుందాం. మీ ఊళ్లో ధర వేరే ఉంటే అది వేసుకోండి. సంచికి గుడ్డ 10, నాడా, దారం కలిపి 3, లోపల కుట్టే లేబుల్ 1. సరుకు ఖర్చు 14 అయింది. కూలి ఎంత వెయ్యాలి? ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో 2024-25లో రోజు కూలి 300 రూపాయలు. మన కుట్టుపనికి అంతకంటే తక్కువ వేసుకోవడం ఎందుకు? ఎనిమిది గంటలకు పంచితే గంటకు 37న్నర వస్తుంది, 40 అనుకుందాం. గంటకు ఐదు సంచులు కుడితే ఒక్కోదానికి 8. అంటే సంచి ఇంట్లో తయారయ్యేసరికి 22 రూపాయలు పడింది.

ఇక తిరునాళ ఖర్చు. అంగడి అద్దె, ఆటో, భోజనం కలిపి 1000 అనుకోండి. పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడ కూర్చున్న మనిషికి కూడా కూలి 300 వెయ్యాలి. కూర్చోవడం కూడా పనే అమ్మా, నవ్వుతారెందుకు? మొత్తం 1300. సంచి 50కి అమ్మితే 22 పోను 28 మిగులుతుంది. 1300ను 28తో భాగించండి. 46 దాటుతుంది. అంటే 47వ సంచి అమ్మితే గానీ లాభం మొదలవ్వదు. ఆ తిరునాళలో, ఆ ఒక్క రోజులో, తాంబూలం సంచులు 47 పోతాయా? దీనికి జవాబు దొరికాకే గుడ్డల అంగడికి పోండి.

చాలాసార్లు పోవు. తిరునాళలో తాంబూలం సంచి ఒకటో రెండో కొంటారు, అంతే. దాని అసలు గిరాకీ తర్వాత వస్తుంది. కొన్నామె ఇంట్లో ఆర్నెల్లకు పెళ్లి, ఆమె తోడికోడలి ఇంట్లో ఓణీల ఫంక్షన్. లోపల లేబుల్ మీద మన ఫోన్ నంబరు ఉంటే రెండొందల, మూడొందల సంచులు ఒకేసారి అడుగుతారు. అప్పుడు అద్దె లేదు, ఆటో లేదు, కూర్చునే కూలి లేదు. అందుకే 22 పడిన సంచిని 35కు ఇచ్చినా మనకు మేలే. ప్లాస్టిక్ కవర్ల మీద నిషేధాలు వచ్చాక గుడ్డ సంచి అడిగేవాళ్లు ఉన్నారు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్ని ఆపేశారు, ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులు కూడా కూడదన్నారు. అంగళ్లలో ఎంత అమలవుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పెళ్లిళ్లలో మాత్రం ప్లాస్టిక్ కవర్లో తాంబూలం పెడితే మర్యాదగా లేదని జనమే మానుకుంటున్నారు.

అంగట్లో మరి ఏం పెట్టాలి? మూడు రకాలు చాలు. కొత్త కోడలిని ఒకే పూట పది కూరలు వండమన్నట్టు ముప్ఫై రకాలు పరచకండి. 20 రూపాయలది ఒకటి, అది ఆగి చూసినవాళ్లంతా తీసుకునేది. 50 రూపాయలది ఒకటి. ఇంకొకటి 150, 200 ఉండేది. మూడోది రోజుకు నాలుగో ఐదో పోయినా అద్దె అది లాగేస్తుంది. ధరలు నోటుకు సరిపోయేటట్టు పెట్టండి. 35, 45 అని పెడితే జాతరలో చిల్లర ఎక్కడ తెస్తారు? ఫోన్‌పే ఉంది కదా అంటారు. ఉంది. లక్షమంది ఒక్కచోట చేరిన రాత్రి సిగ్నల్ ఉండదు, డబ్బు పోయిందో లేదో తెలీక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడాలి. క్యూఆర్ కోడ్ పెట్టండి, పక్కనే పది రూపాయల నోట్ల కట్ట కూడా పెట్టుకోండి.

బేరం మన హక్కు, మానమంటే మానం. "ఇంత చిన్నదానికి శానా చెప్తాండావే" అంటుంది వచ్చినామె. ధర తగ్గించొద్దు. ఒకసారి 50ని 40 చేస్తే పక్కన నిలబడి వింటున్న నలుగురికీ 40 అయిపోతుంది. దానికి బదులు "రెండు తీసుకోక్కా, తొంభైకి ఇస్తా" అనండి. లేదంటే కొసరు ఇవ్వండి. నేనైతే మిగిలిన ఉన్నితో చేసిన చిన్న కుచ్చు ఒకటి సంచి నాడాకు కట్టి ఇస్తాను. దానికి ఖర్చు రూపాయి ఉండదు. గుప్పెడు కొసరు పడితే గానీ మన వైపు కూరగాయల సంతలో కూడా బేరం తెగదు కదా, ఇక్కడా అంతే.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. కొవ్వొత్తులు. ట్రైనింగులో మొదట నేర్పించేది అదే, అచ్చులో పోస్తే చాలు. మరి ఏప్రిల్, మే నెలల్లో కడప, అనంతపురం ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద, మూసిన అట్టపెట్టెలో ఇంకా ఎక్కువ. గులాబీ ఆకారంలో పోసిన మైనం సాయంత్రానికి వంగిపోయి, ఒకదానికొకటి అతుక్కుని ఉంటుంది. కొవ్వొత్తులే చెయ్యాలంటే కార్తీకం నుంచి క్రిస్మస్ దాకా చేసుకోండి. ఒంటికి రుద్దుకునే సబ్బులు, ఫేస్ క్రీములు కూడా సులువని చెప్తారు. అవి కాస్మెటిక్స్ కిందకు వస్తాయి, తయారు చేసి అమ్మడానికి లైసెన్సు కావాలి. పచ్చళ్లు, పొడులు, వడియాలు తిండి వస్తువులు కాబట్టి వాటికి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. దాని గురించి వేరే మీటింగ్ పెట్టుకోండి, నేను చేతిపనుల మనిషిని.

గుడ్డబొమ్మలు. ఇది చాలామందికి తెలీదు. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. కేంద్ర హస్తకళల శాఖ దగ్గర నమోదైన చేతివృత్తులవాళ్లు చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. ఏనుగు బొమ్మ కుట్టి పిల్లల ఆటవస్తువు అని అమ్మాలంటే ముందు ఆ నమోదు, చేతివృత్తులవాళ్లకు ఇచ్చే పహచాన్ గుర్తింపు కార్డు సంగతి చూసుకోండి. కన్నులకు పూసలు కుట్టొద్దు, పిల్లోడు పీకి మింగుతాడు. దారంతోనే కన్ను కుట్టండి.

ఇంకో పరీక్ష. మీరు చెయ్యాలనుకున్న వస్తువు బెంగళూరు చిక్‌పేట్‌లో డజను లెక్కన దొరుకుతుందా? దొరికితే వదిలెయ్యండి. మీ పక్క అంగడాయన అది అక్కడి నుంచి మూటల్లో తెచ్చి పది రూపాయలకు అమ్ముతాడు. ఆయనతో పోటీ పడి మీ కూలి తగ్గించుకోవడం తప్ప ఏమీ ఉండదు. మిషన్ చెయ్యలేనిది, లేదా కొనేవాళ్ల ముందే చేసి ఇచ్చేది ఎంచుకోండి. చెక్క కీచైన్ మీద పేరు తెలుగులో రాసిస్తామని కూర్చోండి, పిల్లలు మూగుతారు, వాళ్ల వెనకే తల్లులు. దస్తూరీ బాగున్న అమ్మాయి సంఘంలో ఒకరైనా ఉంటారు. చేతులు ఆడుతున్న అంగడి దగ్గర జనం ఆగుతారు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్న అంగడి దాటి పోతారు.

మట్టి ప్రమిదలకు రంగులు వేసే పని దీపావళికి కర్నూలు, అనంతపురం లాంటి చోట్ల బాగా నడుస్తుంది. అపార్ట్‌మెంట్లవాళ్లు కొంటారు. ప్రమిదలు కుమ్మరి దగ్గరే కొనండి, మనం చెయ్యబోవద్దు. రంగు బయట వైపే వెయ్యాలి. లోపల, వత్తి ఆనే ముక్కు దగ్గర వేస్తే మంటకు మాడి వాసనొస్తుంది, అద్దాలు అతికిస్తే ఊడిపోతాయి. వాడేముందు నీళ్లలో నానబెట్టి ఆరబెడితే ప్రమిద నూనె తక్కువ పీలుస్తుందంటారు. కానీ రంగు వేశాక నానబెడితే రంగు పోతుంది. అందుకే నానబెట్టి, పూర్తిగా ఆరాకే రంగు వెయ్యండి. ఆ మాట ఒక చీటీ మీద రాసి డబ్బాలో పెట్టండి, కొన్నవాళ్లు మళ్లీ నీళ్లలో వెయ్యకుండా.

ఇందాక ఒక పాప అడిగింది, తోలుబొమ్మల పని నేర్చుకుని అమ్మొచ్చా అని. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట, ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, అక్కడి కుటుంబాలు తరాలుగా చేస్తున్న పని అది. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దూరేంత పల్చగా చేసి, గీత గీసి, చిల్లులు కొట్టి, రంగులు అద్దడం నెలలో వచ్చే విద్య కాదు. సులువైన పనుల లెక్కలో అది రానే రాదు. వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఆటలు చూసేవాళ్లు తగ్గిపోయినప్పుడు అదే చేత్తో దీపాల షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేశారు. రాముడు, హనుమంతుడు అట్లాగే ఉన్నారు, తెర మీది నుంచి దీపం మీదికి వచ్చారు. మన అవ్వలు కుట్టే బొంతను కూడా అట్లా చూడండి. పెద్ద బొంత కుట్టాలంటే రోజులు పడుతుంది, తిరునాళలో ఆ ధర ఎవరూ పెట్టరు. పసిబిడ్డ కింద పరిచే చిన్న బొంత, అది కూడా ఆర్డర్ మీద. "మీ అమ్మ చీర తెచ్చివ్వండి, మీ మనవడికి బొంత కుట్టిస్తాం" అని నమూనా ఒకటి అంగట్లో వేలాడదీయండి. అవ్వలు ఆ మాట దగ్గర ఆగిపోతారు. అమ్మకానికి సొంతంగా కుట్టేటప్పుడు పాత గుడ్డ వాడొద్దు. కొత్త నూలు గుడ్డ, అది కూడా ఒకసారి ఉతికి ఆరేసి కత్తిరించండి, లేకపోతే మొదటి ఉతుక్కే ముడుచుకుపోతుంది. ఎరుపు, మెరూన్ రంగులుంటే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటిందంటే దాన్ని సంచులకు వాడుకోండి.

అప్పుల గురించి ఒక్క మాట. పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, 18 రకాల వృత్తులవాళ్లకు. దర్జీలు, బుట్టలు, చాపలు అల్లేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు అందులో ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది కట్టాక రెండు లక్షలు. ఇంటికి ఒక్కరికే. వస్తుంది కదా అని ముందే అప్పు చెయ్యకండి. మొదటి తిరునాళకు సంఘం పొదుపులోంచి రెండు మూడు వేలు చాలు.

ఇక అడగండి.

ఆ పసుపు చీర అక్క, చెప్పండి. "అద్దె కట్టే స్తోమత లేకపోతే?" అంటున్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే అంగడి తీసుకోండి. ఒకటే షరతు, ముగ్గురూ ఒకే వస్తువు తేకూడదు. డబ్బు ఎవరిది వాళ్ల డబ్బాలో వెయ్యాలి, రాత్రి కలిపి పంచుకుందామంటే ఇంటికి పోయేలోగా మాటలు తెగిపోతాయి. అద్దె మాత్రం అమ్మినదాన్ని బట్టి కాకుండా సమానంగా పంచుకోండి.

అవునమ్మా, వాన. వినాయక చవితి, దసరా రోజుల్లో మనకు వానలే. పట్టా ఒకటి, రాళ్లు నాలుగు ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. ఆషాఢంలో అయితే వాన కంటే గాలి ఎక్కువ, రామగిరి గాలిమరలు అక్కడ ఊరికే పెట్టలేదు. కాగితం సరుకు ఆ నెలలో బయటికి తియ్యకండి, తోరణాలను బల్ల మీద పరచకుండా తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీయండి.

"మొదట ఏ తిరునాళకు పోవాలి?" మంచి ప్రశ్న. మీ ఊరికి దగ్గర ఉన్నదానికి. ఈసారి సరుకు లేకుండా ఉత్త చేతులతో పోండి. ఒక మూల నిలబడి, వచ్చిన ఆడవాళ్ల చేతుల్లో ఏముందో, ఏ అంగడి దగ్గర ఎంతసేపు ఆగుతున్నారో, ఎంత నోటు తీస్తున్నారో చూడండి. అంగళ్లవాళ్లను అద్దె ఎంత, ఎవరికి కట్టాలి, జాగా ఎన్ని రోజుల ముందు ఇస్తారో కనుక్కోండి. గుడి ముందర ఉన్న జాగా కంటే బస్టాండుకు పోయే దారిలో జాగా మేలు. దర్శనానికి పోయేటప్పుడు ఎవరూ కొనరు, తిరిగొచ్చేటప్పుడే కొంటారు.

నమూనాలు అక్కడ బల్ల మీద పెట్టాను. సంచి విప్పి కుట్టు చూసుకోవచ్చు, కొలతలు అట్ట మీద గీసి ఉన్నాయి, పేపరు మీద వేసుకుని తీసుకుపోండి. అట్ట మాత్రం నాకు వదిలెయ్యండమ్మా, రేపు గుంతకల్లులో మళ్లీ కావాలి.